ఇద్దరు క్వాబెనాలు, ఒక్క నంబరు

“దిగమ్మా బిరాగో. ఇవ్వాళ వద్దు, నా మాట విను.”

టాక్సీ తలుపు పట్టుకుని వదలడం లేదు పానిన్. వెనక సీట్లో మరదలు బిరాగో బిగుసుకుని కూర్చుంది. ఆమె పక్కన తమ్ముడు కుమా, కళ్ళకు గాజుగుడ్డ కట్టుతో, చర్చికి వెళ్ళే చొక్కా వేసుకుని, ఎటు తిరగాలో తెలియక ముందుకే మొహం పెట్టి ఉన్నాడు. టాక్సీవాడు అద్దంలోంచి ముగ్గుర్నీ చూసి రేడియో గొంతు తగ్గించాడు. పాటలకేం, రోజూ ఉండేవే.

“ఎందుకు వద్దు బావగారూ? మొదట కట్టు మానలేదన్నారు. తర్వాత మీ బళ్ళో పరీక్షలన్నారు. నిన్నేమో బీమా ఆఫీసులో కంప్యూటర్లు పడుకున్నాయన్నారు. ఇవ్వాళ ఏం పడుకుంది?”

“డాక్టరు కాగితం సరిగ్గా లేదు.”

“రెండు కళ్ళూ పోయాయని రాశాడు. పింఛను ఇవ్వడానికి ఇంకా ఏం పోవాలంట?”

కుమా తల దించుకున్నాడు. లారీ బ్యాటరీ మొహం మీద పేలిన నాటినుంచి ఆ ఇంట్లో కళ్ళు అన్న మాట ఎవరూ పైకి అనడం లేదు. ఇప్పుడు కట్టుకున్న పెళ్ళామే అంది.

“అన్న మాట విందాం బిరాగో,” అన్నాడతను మెల్లగా. “అన్న వద్దన్నాడంటే ఏదో కారణం ఉంటుంది.”

ఆ మాట పానిన్‌కు సూటిగా వచ్చి తగిలింది. కారణం ఉంది. ఆ కారణం టాక్సీ తలుపు పట్టుకునే నిలబడి ఉంది.

బిరాగో మొగుడి చెయ్యి పట్టుకుని టాక్సీలోంచి దించి, ఆ చేతిని తీసుకొచ్చి పానిన్ చేతిలో పెట్టింది.

“మీరిద్దరూ ఒక తల్లి కడుపున పుట్టారు. ఈయన ముద్దకి మీ వంశం ఎప్పుడూ లోటు రానివ్వదు. మనలో పిల్లలు తల్లి వంశానికే చెందుతారు. నా పిల్లలు మా అమ్మ వంశం వాళ్ళు, వాళ్ళకి మీ గిన్నెలో వాటా లేదు. అందుకే నాకీ తొందర. బీమా నంబరు చెప్పండి, నేనొక్కదాన్నే పోయొస్తా.”

“నంబరు... చూసి చెప్పాలమ్మా.”

“నెలనెలా కట్టే చేతికి నంబరు గుర్తులేదా?” బిరాగో టాక్సీ ఎక్కి తలుపు వేసుకుంది. “ఫరవాలేదు. పేరు చెప్తే వాళ్ళే తీస్తారు. క్వాబెనా బోయాది, సువామేలో వెల్డింగ్ షాపు. సువామే గ్యారేజీల్లో ఆ పేరు తెలియనివాడెవడు?”

టాక్సీ సందు మలుపు తిరిగింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని పానిన్ వాకిట్లోనే నిలబడిపోయాడు. ఆ చెయ్యి అరచేతినిండా పాత కాలిన మచ్చలు. వేళ్ళు మాత్రం చిన్నపిల్లాడి వేళ్ళలా అన్న చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

పేరు చెప్తే వాళ్ళే తీస్తారు. తీస్తే ఏమొస్తుందో ఆ ఇంట్లో పానిన్‌కు తెలుసు, అతని భార్య న్యార్కోకు తెలుసు.

మంగళవారం పుట్టిన మగపిల్లాడికి క్వాబెనా అనే పేరు పెడతారు. బోయాది ముసలాయనకు ఇద్దరు కొడుకులూ మంగళవారమే పుట్టారు. జ్ఞానస్నానం దగ్గర పాస్టరుతో మాటామాటా వచ్చి ఆయన చర్చి పేర్లు కూడా పెట్టించలేదు. ఇద్దరూ క్వాబెనా బోయాదిలే. పెద్దవాడు పానిన్, చిన్నవాడు కుమా. పెద్దోడు, చిన్నోడు అన్నమాట. ఇంట్లోగానీ సువామేలోగానీ ఏనాడూ ఎవరికీ ఇబ్బంది రాలేదు. పేరుతోనే మనిషిని గుర్తుపట్టే చోటికి వెళ్తేనే చిక్కు.

తమ్ముణ్ణి గోడవార బల్ల మీద కూర్చోబెట్టి పానిన్ వంటపాకలోకి వచ్చాడు. న్యార్కో సాయంత్రం దంచే ఫుఫు ముద్ద కోసం కర్రపెండలం తొక్క తీస్తోంది. మొగుడు వచ్చి నిలబడినా తలెత్తలేదు.

“వెళ్ళిపోయింది,” అన్నాడు.

“విన్నాను. సందంతా విన్నది.”

“ఏం చెయ్యమంటావు?”

“ఇన్నేళ్ళూ నన్నడిగే చేశావా?”

న్యార్కో ఇంకో దుంప అందుకుంది. అరిచినా బాగుండును అనిపించింది పానిన్‌కి. న్యార్కో అరవదు. అరిస్తే ఆమె కోపం చల్లారిపోతుంది, అతని ఆలోచన మొదలవదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

“నేను వాడి డబ్బు ఒక్క పెసెవా కాసు తినలేదు న్యార్కో.”

“తినలేదు. దాచుకున్నావు. తిన్నా నయం, ఈపాటికి అరిగిపోయేది.”

ఆమె తొక్కలన్నీ ఓ పక్కకు నెట్టింది. పానిన్ అక్కడే చిన్నపీట మీద కూలబడ్డాడు. అతని కళ్ళ ముందు బీమా ఆఫీసు కిటికీ వచ్చి నిలబడింది. రోజూ వస్తూనే ఉంది.

పదేళ్ళ కిందట ఓ రోజు, సొంత పనులు చేసుకునేవాళ్ళు కూడా బీమాలో చేరవచ్చని సువామేలో మైకు పెట్టి చెప్పారు. కుమాకు షాపు వదిలి కదిలే తీరిక ఎప్పుడుంది గనక. “నువ్వే పోయిరా అన్నా. చదువుకున్నవాడివి. నా ముసలితనం నీ చేతిలో పెడుతున్నా,” అన్నాడు. మిషన్ బళ్ళో సామాన్ల గది చూసుకునే పానిన్ ఆ పెద్దరికం మోసుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

కిటికీలో అమ్మాయి పేరు కొట్టింది. మొహం విప్పారింది. “మీరు ముందే ఉన్నారే! బళ్ళో ఉద్యోగం కదా? ఉద్యోగంతోపాటు సొంత షాపు కూడా ఉందా? మంచిదే కదండీ. జీతంలోంచి బడివాళ్ళు కోసి కడతారు. షాపు సంపాదన మీద మీరే నెలనెలా కట్టుకోండి. రెండూ ఒక్క నంబరుకే చేరతాయి. పని మానేశాక దర్జాగా బతుకుతారు.”

షాపు నాది కాదమ్మా, మా తమ్ముడిది, అనాలి. అంతే అనాలి. అది అనడానికి నోరు తెరిచాడు కూడా. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. ఆ అమ్మాయి మొదటిసారి అతనివైపు గౌరవంగా చూస్తోంది. బళ్ళో అతనివైపు ఎవరూ అలా చూడరు.

“అవునమ్మా,” అన్నాడు.

వచ్చే నెల సరిచేయించాలనుకున్నాడు. ఆ వచ్చే నెల రానే లేదు. కుమా మాత్రం నెల తప్పలేదు, గ్రీజు చేతులతోనే నోట్లు చుట్టి తెచ్చేవాడు. పానిన్ ఆ చుట్టను విప్పకుండా తీసుకుపోయి కట్టేవాడు. ఆలస్యం చేయలేదు, తగ్గించలేదు. అంత నిజాయితీగా కట్టాడు కాబట్టే తనను తాను క్షమించుకుంటూ వచ్చాడు. తర్వాత కొత్త గుర్తింపు కార్డులు వచ్చినప్పుడు, కార్డు తెచ్చి నంబరుకు కలపమని ఆఫీసువాళ్ళే అడిగారు. అప్పుడైనా చెప్పవచ్చు. ఎవరూ విసుక్కోలేదు, వెనక వరుస కూడా లేదు. పానిన్ తన కార్డే ఇచ్చి వచ్చాడు. మొదటిసారి నోరు జారిందనుకోవచ్చు. రెండోసారి జారలేదు.

“ఒక దారుంది,” అంది న్యార్కో హఠాత్తుగా.

పానిన్ ఆశగా తలెత్తాడు.

“ఆఫీసువాళ్ళ లెక్కలో ఉన్నది ఒక్కడే క్వాబెనా కదా. ఆ ఒక్కడికి కళ్ళు పోయాయని చెప్దాం. డాక్టర్ల ముందు కుమాను నిలబెడదాం. పింఛను వస్తుంది.”

“మరి నేనో?”

“నువ్వు గుడ్డోడివి. రేపట్నుంచి బడికి పోకూడదు. గుడ్డోడు సుద్దముక్కలూ చీపుళ్ళూ లెక్కపెట్టి ఇస్తుంటే చూసేవాళ్ళు ఊరుకోరుగా.”

ఆమె ఎత్తిపొడుస్తోందని అర్థమవడానికి పానిన్‌కు కొంత సేపు పట్టింది. ఆ కొంత సేపట్లో అతను నిజంగానే ఆలోచించాడు. బడి మానేస్తే ఏమవుతుంది, ఇంకో ఊళ్ళో పని దొరుకుతుందా అని లోపల్లోపలే లెక్క కట్టేశాడు. కట్టాక సిగ్గుతో చచ్చిపోయాడు.

“నిజం చెప్తే?” అన్నాడు.

“చెప్తే నీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. వాడు కట్టిందంతా వాడి పేరుకు మారుస్తారో, దెబ్బ తగిలేనాటికి ఆ మనిషి మా దగ్గర లేనే లేడంటారో తెలీదు. లేడంటే వాడికి పింఛను లేదు.” న్యార్కో దుంపల్ని కడిగి కుండలో వేసింది. “అయినా నన్నడుగుతావేంటయ్యా? బల్ల మీద కూర్చున్నాడుగా, పోయి వాడినడుగు.”

పానిన్ పాక గుమ్మం దాకా వచ్చి ఆగాడు. బల్ల మీద కుమా తనలో తాను ఏదో పాట తీస్తూ చొక్కా గుండీలు తడుముకుంటున్నాడు. ఒక గుండీ తప్పు కన్నంలోకి పోయింది. దాన్ని విప్పి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. పానిన్ వెనక్కి వచ్చేశాడు.

*

పొద్దు వాలుతుండగా బిరాగో నడుచుకుంటూ వచ్చింది. టాక్సీ లేదు. చెప్పులు చేతిలో ఉన్నాయి. అరుస్తూ వస్తుందని పానిన్ ఎదురు చూశాడు. ఆమె వచ్చి అరుగు మీద కూర్చుని నీళ్ళడిగింది. తాగింది. గిన్నె పక్కన పెట్టింది.

“నన్ను దొంగ అన్నారు బావగారూ.”

న్యార్కో వంటపాకలోంచి వచ్చి అరుగు చివర కూర్చుంది.

“క్వాబెనా బోయాది బళ్ళో శుభ్రంగా పనిచేసుకుంటున్నాడట. పోయిన నెల కూడా జీతంలోంచి కోశారట. కళ్ళు లేనివాడు పని ఎట్లా చేస్తున్నాడమ్మా, ఎవరి డాక్టరు కాగితం తెచ్చావు, అని అందరి ముందు అడిగింది ఆ పిల్ల. వరుసలో వాళ్ళంతా నావైపు తిరిగారు. ఒకామె చేతిసంచి దగ్గరికి లాక్కుంది.”

“బిరాగో...” అన్నాడు కుమా, చెయ్యి గాల్లోకి చాపి.

“నేనూరుకుంటానా? అబద్ధాలకోరా అని దాన్నే తిట్టాను. మా బావగారు తన చేత్తో నెలనెలా కడుతున్నారు, ఎండైనా వానైనా మానలేదు, ఆయనలాంటి మనిషి ఈ కుమాసీ ఊళ్ళోనే లేడన్నాను. మీమీద ఒట్టేశాను బావగారూ. మా అమ్మ మీద కూడా ఎప్పుడూ అలా ఒట్టెయ్యలేదు.”

పానిన్ తిడుతుందనుకున్నాడు, మీద పడుతుందనుకున్నాడు. వాటికి సిద్ధపడే ఉన్నాడు. తన తరఫున ఊరందరితో పోట్లాడి వస్తుందని మాత్రం అనుకోలేదు.

“దారంతా ఆలోచించుకుంటూ వచ్చా,” అంది బిరాగో. గొంతులో కొంచెం ఆశ వచ్చింది. “మీ ఇద్దరిదీ ఒకే పేరు కదా. మీ నంబరూ ఈయన నంబరూ వాళ్ళే కలిపేసి ఉంటారు. ఉద్యోగం మీది, షాపు ఈయనది, రెండూ ఒక్కడివే అనుకుని ఉంటారు. వాళ్ళ పొరపాటే కదా? రేపు మీ ఇద్దర్నీ రమ్మన్నారు. మీరొచ్చి ఒక్క మాట చెప్తే సర్దుకుంటుంది. అంతే కదా బావగారూ?”

దారి ఆమే చూపించింది. తలుపు తీసి, చేత్తో పట్టుకుని, రండి అంటోంది.

న్యార్కో మొగుడి మొహంలోకి చూసింది. ఆ పూట ఆమె అతని మొహంలోకి చూడటం అదే మొదలు.

“అవునమ్మా,” అన్నాడు పానిన్. “వాళ్ళ పొరపాటే అయ్యుంటుంది.”

న్యార్కో లేచి లోపలికి వెళ్ళిపోయింది. కుండ దించిన చప్పుడైంది, కాస్త గట్టిగానే.

బిరాగో కళ్ళు తుడుచుకుంది. “హమ్మయ్య. చూశావా, నేను చెప్పలా,” అంది మొగుడితో. కుమా చెవి అన్నవైపు పెట్టి అలాగే ఉన్నాడు.

*

దుంపలూ అరటికాయలూ ఉడికాయి. న్యార్కో వాటిని తెచ్చి రోట్లో వేసింది. దంచడానికి పక్కింటి కుర్రాణ్ణి పిలవబోతుంటే కుమా లేచి నిలబడ్డాడు.

“రోకలి నాకివ్వు వదినా.”

“నీకెందుకయ్యా? కూర్చో.”

“ఈ ఇంట్లో ఫుఫు ఎప్పుడూ నేనే దంచాను. కళ్ళతో దంచానా? ఇయ్యి.”

మనిషంత పొడవున్న ఆ రోకలిని తడిమి పట్టుకున్నాడు. దాన్ని పట్టుకోగానే అతని వీపు నిటారైంది. దెబ్బ తగిలాక అతను అంత ఎత్తుగా కనబడటం అదే మొదలు.

“ముద్ద నేను తిప్పుతా,” అంది బిరాగో పీట లాక్కుంటూ.

“నువ్వొద్దు. లోపలికి పోయి పులుసు చూడు. అన్న తిప్పుతాడు.”

ఫుఫు ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు నిలబడి దంచాలి. ఒకరు రోలు పక్కన కూర్చుని, రోకలి లేచిన సందులో చెయ్యి పెట్టి ముద్దను మడిచి తిప్పాలి. మళ్ళీ పోటు పడేలోగా చెయ్యి తీసెయ్యాలి. దంచేవాడు తిప్పే చేతిని చూస్తూ దంచుతాడు. చూడలేనివాడి రోకలి కింద చెయ్యి పెట్టమంటే ఎవరైనా ఆలోచిస్తారు.

పానిన్ ఆలోచించలేదు. పీట మీద కూర్చుని వేళ్ళు నీళ్ళల్లో ముంచాడు. ఏదైనా అయితే అవనీ అని కూడా లోపల ఒక మూల అనుకున్నాడు.

రోకలి పడింది. తిప్పాడు. మళ్ళీ పడింది. మొదట కొంచెం తడబడ్డా త్వరలోనే ఇద్దరికీ లయ కుదిరింది. చిన్నప్పుడు అమ్మ ముందు ఇలాగే చేసేవాళ్ళు. పోటు, తడి చేతి చప్పుడు, పోటు. కుమా చెవితోనే చెయ్యి ఎక్కడుందో పట్టేస్తున్నాడు.

“అన్నా,” అన్నాడు దంచుతూనే.

“ఊఁ.”

“చిన్నప్పుడు పులుసులో చేపతల మాయమైతే పిల్లి తిందన్నావు, గుర్తుందా?”

“ఎందుకిప్పుడు?”

“అమ్మ ‘పిల్లేనా?’ అంటే ‘అవునమ్మా’ అన్నావు. నేను మంచం కింద ఉండి విన్నా. చేపతల తిన్నది నువ్వని నాకు తెలుసు. అప్పుడు నీ గొంతు ఎట్లా ఉందో నాకిప్పటికీ తెలుసు.” రోకలి పడింది. “ఇందాక బిరాగోతో ‘అవునమ్మా’ అన్నావు చూడు. అదే గొంతు.”

పానిన్ చెయ్యి ఒక్క పోటు ఆలస్యమైంది. రోకలి గాలి వేళ్ళకు తగిలింది.

“చూసుకో అన్నా,” అన్నాడు కుమా. దంచడం ఆపలేదు. “కళ్ళుంటే నీ మొహం చూసి నమ్మేసేవాణ్ణి. నీ మొహం మంచిది. ఇప్పుడు గొంతొక్కటే వినిపిస్తోంది, అదే వచ్చిన చిక్కు. ఆఫీసులో ఆ రోజు ఏమైంది?”

ఏం చెప్పాలో పానిన్ లోపల చాలాసార్లు కూర్చుకున్నాడు. జనం ఉన్నారని, ఆ అమ్మాయే పొరబడిందని, తర్వాత మార్చడం కష్టమన్నారని. ఏళ్ళ తరబడి నున్నగా తయారుచేసుకున్న ఆ మాటల్లో ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

“షాపు నీదేనా అని అడిగింది రా. అవునన్నాను.”

రోకలి పడింది. పానిన్ తిప్పాడు.

“తొందర్లో అన్నావా?”

“మొదటిసారి.”

“తర్వాత?”

“కార్డు కలపమన్నప్పుడు... తెలిసే కలిపాను. నాది.” ముద్దను మడిచాడు. “నీ డబ్బు ముట్టుకోలేదురా. అంతా కట్టాను. అంతా నా పేరు మీద ఉంది. నీ పేరు మీద ఏమీ లేదు. ఆఫీసువాళ్ళ లెక్కలో నువ్వు లేవు కుమా.”

రోకలి పైకి లేచింది. దిగలేదు.

లయకు అలవాటుపడ్డ పానిన్ చెయ్యి రోట్లోకి వెళ్ళిపోయింది, వేడి ముద్ద మీద ఆగింది. తలెత్తి చూశాడు. తమ్ముడి చేతుల్లో నరాలు ఉబ్బి ఉన్నాయి.

“పదేళ్ళుగా చెమటోడ్చి నీకిచ్చింది నేను,” అన్నాడు కుమా. అరవలేదు. “నా చేతులు కాలాయి. నా కళ్ళు పోయాయి. అయినా నేను లేనా అన్నా?”

పానిన్ ఏడుస్తున్నాడు. ఏడుపు వినబడకూడదని పళ్ళు బిగించాడు, కానీ తమ్ముడికి అన్నీ వినిపిస్తున్నాయి.

“చెయ్యి రోట్లోనే ఉందా?”

“ఉంది.”

“తియ్యి.”

“తియ్యను. దంచెయ్ రా.”

“దంచితే నీకు తేలికైపోతుంది,” అన్నాడు కుమా. “చెయ్యి విరిగిందని నువ్వు మంచం మీద పడుకుంటావు. పాపం పానిన్ అంటూ బిరాగోయే వచ్చి కట్టు కడుతుంది. అది కుదరదు. రేపు ఆఫీసులో క్వాబెనా బోయాది అని పిలుస్తారు. పిలుపు ఎటునుంచి వచ్చిందో నాకు తెలీదు, ఎటు నడవాలో తెలీదు. నువ్వే లేవాలి. లేచి ఏం చెప్తావో ఇక్కడ చెప్పు. నాక్కాదు.”

అతను తల వంటపాకవైపు తిప్పాడు. అక్కడ గుమ్మంలో, రెండు చేతులా పులుసు గిన్నె పట్టుకుని, బిరాగో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో పానిన్‌కు తెలియలేదు. ఆమె మొహంలో ఇందాకటి ఆశ ఇంకా పూర్తిగా పోలేదు.

“వాళ్ళ పొరపాటే అన్నారు కదా బావగారూ?” అంది.

పానిన్ నోరు తెరిచాడు. చెయ్యి రోట్లోనే ఉంది. పైన రోకలి ఇంకా దిగలేదు.